నాన్న చేసిన నీలం పూస

కార్నింగ్ అని ఒక ఊరుందని నాకు తెలిసింది నాన్న వల్ల. అదీ అమెరికాలో తొమ్మిదేళ్ళు ఉన్న తర్వాత. 2015 జూలై అది. అమ్మానాన్నలు మొదటిసారి మా దగ్గరికి వచ్చారు, అందరిలాగే మేమూ వాళ్ళని నయాగరా తీసుకెళ్ళాం, తిరిగి మా ఊరు ఎడిసన్‌కి వస్తుంటే రాత్రి హైవే మీద ఆకుపచ్చ బోర్డు ఒకటి హెడ్‌లైట్ల వెలుతురులో మెరిసి వెనక్కి వెళ్ళిపోయింది. వెనక సీట్లో నిద్రపోతున్నారనుకున్న నాన్న లేచి కూర్చుని, "అమ్మలూ, కార్నింగ్ అని ఉంది, చూశావా? మన కార్నింగేనా?" అన్నారు.

మన కార్నింగ్ ఏమిటో నాకు అర్థం కాలేదు. మా ఆయన డ్రైవ్ చేస్తూనే "ఏదో చిన్న ఊరు మామయ్యా" అన్నాడు. నాన్న ఊరుకోలేదు. "పైరెక్స్ కార్నింగ్ బాబూ. బీకర్ల మీద ఉండేది పేరు" అన్నారు. కాసేపు కిటికీలోంచి చీకట్లోకే చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక వెతికి చూస్తే అదే కార్నింగ్. అక్కడ గాజు మ్యూజియం ఉంది, గాజు ఊదడం రోజూ కళ్ళముందే చేసి చూపిస్తారు. నయాగరా చూసినప్పుడు కూడా అడగని మనిషి ఆ మాట విని, "ఒక్కరోజులో వెళ్ళి రాగలమా?" అని అడిగారు. నా చిన్నప్పటి నుంచి నాన్న తనకోసం ఏదైనా అడగడం నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. వచ్చే శనివారమే వెళ్దాం అన్నాను.

నాన్న గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ రోజు గురించి ఎంత చెప్పినా సగమే అవుతుంది.

ఆయన ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండరు. ముప్పై మూడేళ్ళు చేశారు. ల్యాబ్ అటెండరంటే సీసాలు కడిగి తాళాలు వేసే మనిషి అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను చిన్నప్పుడు, స్కూల్లో ఫారం నింపేటప్పుడు తండ్రి ఉద్యోగం అన్న చోట "కాలేజీలో పని" అని రాసేదాన్ని. నాన్న అది చూశారో లేదో తెలియదు. చూసినా ఏమీ అనే మనిషి కాదు. ఎండాకాలం సెలవుల్లో ఒక్కోసారి నన్ను ల్యాబ్‌కి తీసుకెళ్ళేవారు, కొత్త సంవత్సరానికి కావలసిన గాజు గొట్టాలన్నీ ఆయన అప్పుడే తయారు చేసి పెట్టుకునేవారు. త్రికోణపు ఆకురాయితో గొట్టం మీద ఒక్క గీత గీసి, గీతకి వెనకవైపు రెండు బొటనవేళ్ళు ఆనించి నెడితే టక్‌మని నున్నగా విరిగేది. విరిగిన అంచుని మంటలో పెట్టి తిప్పితే కరిగి గుండ్రంగా అయ్యేది, అలా చేయకపోతే పిల్లల వేళ్ళు తెగుతాయి. వంచాల్సిన చోటుని వెడల్పాటి మంటలో పెట్టి తిప్పుతూనే ఉండేవారు, మంట పసుపురంగుకి తిరిగి గొట్టం దానంతట అది వంగడం మొదలుపెట్టేదాకా, అప్పుడు బయటికి తీసి ఒక్క ఊపులో వంచేసేవారు. వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోకూడదు, లోపలి దారి ఎక్కడా ఇరుకవకూడదు. ఆయన వంచిన గొట్టాలు తొంభై డిగ్రీలంటే తొంభై డిగ్రీలే.

ల్యాబ్‌లో నాకు ఆయన చెప్పిన మొదటి మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "వేడి గాజూ చల్ల గాజూ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయమ్మా. బల్ల మీద గాజు కనిపిస్తే ముట్టుకోకు, ముందు చెయ్యి వెనకభాగం దగ్గరగా పెట్టి చూడు."

పాత బీకర్ల మీద తెల్లటి అక్షరాల్లో ఉండే పైరెక్స్, కార్నింగ్ అన్న పేర్లు ఆయన రోజూ కడిగిన పేర్లు. మన దేశంలో ల్యాబు గాజు సామాను చేసే బోరోసిల్ 1962లో మొదలైనప్పుడు కూడా సాయం చేసింది ఈ కార్నింగ్ కంపెనీయే. అందుకే ఆ రాత్రి బోర్డు చూసి ఆయన "మన కార్నింగ్" అన్నారు.

శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. అమ్మ, నాన్న, మా ఆయన, నేను, ఆరేళ్ళ మా పాప. డెలావేర్ వాటర్ గ్యాప్ దాటి, స్క్రాంటన్, బింగమ్‌టన్ మీదుగా నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. దారిలో మా ఆయన ఒక సంగతి చెప్పాడు. మేముంటున్న ఎడిసన్‌కి ఆ పేరొచ్చింది థామస్ ఎడిసన్ వల్ల, ఆయన బల్బు చేసిన మెన్లో పార్క్ మా టౌన్‌షిప్‌లోనే ఉంది. ఆ బల్బులకి గాజు బుడ్డీలు ఊది పంపింది కార్నింగ్ పనివాళ్ళు, 1880 ప్రాంతంలో. నాన్న అది విని, "అయితే మనం బల్బు వచ్చిన దారిలో వెనక్కి వెళ్తున్నామన్నమాట" అన్నారు. ఆయన అంత సరదాగా మాట్లాడటం అమ్మకి కూడా కొత్తగా అనిపించినట్టుంది, నా వైపు చూసి నవ్వింది.

కార్నింగ్ నిజంగా చిన్న ఊరు, పది పదకొండు వేల జనాభా. షెమంగ్ నది ఊరి మధ్యనుంచి పోతుంది. కారు దిగగానే నాన్న కళ్ళు పడింది మ్యూజియం మీద కాదు, నది ఒడ్డున ఉన్న పొడవాటి తెల్లటి టవర్ మీద. దాని మీద గాజు ఊదుతున్న మనిషి బొమ్మ నీలం రంగులో ఉంటుంది, లిటిల్ జో అంటారు దాన్ని. ఎత్తు 187 అడుగులు. ఎందుకు కట్టారంటే థర్మామీటర్ గొట్టాలు లాగడానికి. కరిగిన గాజుని నిలువునా పైకి లాగుతూ పోతే సన్నటి రంధ్రం చెక్కుచెదరకుండా పొడవాటి గొట్టం వస్తుంది, అందుకని అంత ఎత్తు. నాన్న తల వెనక్కి వాల్చి చాలాసేపు చూశారు. "ఎన్ని థర్మామీటర్లు పగలగొట్టారో మా పిల్లలు. అవన్నీ ఇలా పుట్టాయా" అన్నారు.

లోపలికి వెళ్ళగానే మొదట చూసింది హాట్ గ్లాస్ షో. సినిమాహాల్లో లాగా మెట్లు మెట్లుగా కుర్చీలు, ఎదురుగా స్టేజీ మీద కొలిమి. కొలిమి లోపల కూడా కెమెరా పెట్టారు, పైనున్న తెర మీద గాజు కరిగి తెల్లగా వెలిగిపోతూ కనిపిస్తుంటుంది. మైక్ పట్టుకున్నావిడ చెబుతోంది: ఇసుక ఒక్కదాన్నీ కరిగించాలంటే 1700 డిగ్రీల సెంటీగ్రేడ్ కావాలి, సోడా కలిపితే అంత వేడి అక్కర్లేదు, కానీ సోడా ఒక్కటే కలిపితే ఆ గాజు నీళ్ళకి కరిగిపోతుంది, అది నిలవడానికి సున్నం కలుపుతారు. నాన్న ఆవిడ చెప్పేదానికంటే ఒక్క క్షణం ముందే నాకు తెలుగులో చెప్పేస్తున్నారు. ఆవిడేమో ఆయన చెప్పిందే మళ్ళీ చెబుతున్నట్టుంది.

పెద్ద పనివాణ్ణి గ్యాఫర్ అంటారు. అతను పొడవాటి ఇనుప గొట్టాన్ని కొలిమిలో ముంచి తిప్పి తీశాడు, కొసకి గాజు ముద్ద ముదురు పాకంలా చుట్టుకుని వచ్చింది. అప్పటి నుంచి ఆ గొట్టం తిరగడం ఆగలేదు. బల్ల మీద కూర్చున్నా, నడుస్తున్నా, పక్కమనిషితో మాట్లాడుతున్నా వేళ్ళు తిప్పుతూనే ఉన్నాయి. చెర్రీ చెక్కతో చేసిన గరిటెలాంటి దాన్ని నీళ్ళల్లోంచి తీసి ముద్ద కింద పెట్టి గుండ్రంగా తీర్చాడు, బుస్సుమని ఆవిరి లేచింది, ఆ ఆవిరి పొరే చెక్కకీ గాజుకీ మధ్య అడ్డంగా ఉంటుందట. ఆ తర్వాత చేసింది చూసి అమ్మ కుర్చీ అంచుకి వచ్చేసింది. తడిపిన న్యూస్‌పేపర్ మడత ఒకటి అరచేతిలో పెట్టుకుని, దానితో ఆ ఎర్రటి గాజుని నేరుగా చేత్తో నిమిరాడు. వెయ్యి డిగ్రీల వస్తువుకీ అతని చేతికీ మధ్య ఉన్నది తడి కాగితం. కాగితం కాలిన వాసన మా వరసదాకా వచ్చింది.

పాప అడిగింది, "తాతయ్యా, ఎందుకు తిప్పుతూనే ఉన్నాడు?"

"ఆపితే కిందికి జారిపోతుందమ్మా. ఇప్పుడు దానికి బరువొక్కటే తెలుసు. నువ్వు తిప్పుతుంటే ఎటు పడాలో దానికి తెలియదు."

సహాయకురాలు గొట్టంలోకి ఊదింది. చెంపలు ఉబ్బేలా ఊదుతారని అనుకున్నాను, కాదు, కాఫీ మీద ఊదినంత మెల్లగా. ముద్ద మధ్యలో చిన్న బుడగ పుట్టింది. మళ్ళీ వేడిచెయ్యడం, మళ్ళీ ఊదడం, పెద్ద పట్టకారులాంటి జాక్స్‌తో మెడ దగ్గర నొక్కి సన్నం చెయ్యడం, మళ్ళీ వేడి. అడుగుకి ఇంకో కడ్డీ అంటించి, మెడ దగ్గర నీటి చుక్క వేసి టక్‌మని తడితే మొదటి గొట్టం ఊడి వచ్చేసింది, ఆ ఒక్క క్షణం హాలంతా ఊపిరి బిగబట్టింది. నాన్న మాత్రం చూడలేదు, కళ్ళు మూసుకున్నారు. "ఎన్నోసార్లు ఆ చోటే విరిగింది నాకు" అన్నారు తర్వాత. చివరికి నీలం గీతలున్న కూజా ఒకటి తయారైంది. దాన్ని బయట పెట్టకుండా 480 డిగ్రీలున్న పెట్టెలో పెట్టేశారు, మెల్లగా చల్లారడానికి. బయట పెడితే పైపొర ముందు చల్లారి బిగుసుకుంటుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది, ఆ లాగుడుకి పగిలిపోతుంది. చివర్లో మైకావిడ, వేడి గాజూ చల్ల గాజూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఇక్కడ ఎవరూ ఏదీ ముట్టుకోం అంది. నేను నాన్న వైపు తిరిగాను. ఆయన స్టేజీ వైపే చూస్తున్నారు, కానీ నవ్వుతున్నారు.

అక్కడే ఇంకో ఆట చూపించారు. కరిగిన గాజు చుక్కని నీళ్ళల్లో పడేస్తే తోకకప్ప ఆకారంలో బిగుసుకుంటుంది. దాని తల మీద సుత్తితో కొట్టినా పగల్లేదు. తోక కొస తుంచితే మొత్తం పొడి పొడి అయిపోయింది. పాపకి ఆ రోజంతటిలో నచ్చింది ఇదే, అప్పటి నుంచి కనిపించిన ప్రతిదానికీ తోక ఎక్కడుందో వెతికింది.

మా అదృష్టం ఏమిటంటే పైరెక్స్ పుట్టి సరిగ్గా నూరేళ్ళయిన సంవత్సరం అది. మ్యూజియంలో పైరెక్స్ కోసమే ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. నాన్న కాళ్ళు అక్కడ నిలిచిపోయాయి. వేడికి పగలని గాజుని మొదట చేసింది రైల్వే సిగ్నల్ లాంతర్ల కోసమట, వేడెక్కిన అద్దం మీద వాన చినుకో మంచో పడితే టప్పున పగిలేది, సిగ్నల్ కనపడక ప్రమాదం. ఆ గాజుతోనే బ్యాటరీ జాడీలు కూడా చేసేవారు. 1913లో ఆ కంపెనీ సైంటిస్టు జెస్సీ లిటిల్‌టన్ భార్య బెస్సీ, తన వంటగిన్నె పగిలిపోతే భర్తని గట్టి గాజు ఏదైనా తెమ్మంది. ఆయన బ్యాటరీ జాడీ అడుగుభాగం కోసి తెచ్చిచ్చాడు. ఆవిడ అందులో కేకు చేసింది. కేకు సమంగా ఉడికింది, అంటుకోలేదు, లోపల ఎంతవరకు అయిందో బయటికి కనపడింది. రెండేళ్ళకి, 1915లో, పైరెక్స్ గిన్నెలు మార్కెట్‌లోకి వచ్చాయి.

ఇది నేను చదివి చెబుతుంటే అమ్మ మధ్యలోనే అందుకుంది. "ఏమండీ, అయితే మీ పైరెక్స్ ముందు పుట్టింది వంటింట్లో. ఇన్నాళ్ళూ ల్యాబ్ సామానం, ల్యాబ్ సామానం అని నన్ను ముట్టుకోనివ్వలేదు."

నాన్న పకపకా నవ్వారు. పక్కనున్న వాళ్ళు తిరిగి చూశారు. ఆయన అలా నవ్వడం నేను చూసి ఎన్నేళ్ళయిందో.

ఆ లిటిల్‌టన్ దంపతుల కొడుకే హార్వీ లిటిల్‌టన్, 1922లో ఈ కార్నింగ్‌లోనే పుట్టాడు. గాజు పని అంటే ఫ్యాక్టరీలోనే జరగాలి అనుకునే రోజుల్లో, 1962లో టొలీడోలో చిన్న కొలిమి పెట్టి, కళాకారుడు ఒక్కడే తన షెడ్డులో గాజు ఊదుకోవచ్చని చేసి చూపించాడు. ఇవాళ ప్రపంచమంతా కనిపించే స్టూడియో గాజు కళకి అదే మొదలు. నాన్నకి ఈ సంగతి చాలా నచ్చింది. తండ్రి ల్యాబు, తల్లి వంటిల్లు, కొడుకు కొలిమి అని రెండుమూడుసార్లు అనుకున్నారు.

ఆ తర్వాత పెద్ద డిస్కు దగ్గరికి వెళ్ళాం. నిలబెట్టి ఉంచిన గుండ్రటి గాజు, దాదాపు పదిహేడు అడుగుల అడ్డకొలత, వెనకవైపు తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీది టెలిస్కోప్ అద్దం కోసం 1934 మార్చిలో పోత పోశారు దీన్ని, పైరెక్స్ గాజుతో, 20 టన్నులు. పోస్తుండగా అచ్చులోని దిమ్మెలు కొన్ని వేడికి ఊడి పైకి తేలిపోయాయి. అంతే, పనికిరాకుండా పోయింది. అదే ఏడాది డిసెంబరులో రెండోది పోశారు. దాన్ని చల్లార్చడానికి సుమారు పది నెలలు పట్టింది. మధ్యలో నది పొంగి కరెంటు ఆపాల్సి వచ్చింది, అయినా అది బతికి బయటపడింది. 1936లో రైలెక్కించి పంపారు, అరగదీసి నునుపు చేయడానికి ఏళ్ళు పట్టింది, మధ్యలో యుద్ధం వచ్చింది, చివరికి టెలిస్కోప్ ప్రారంభమైంది 1948లో.

మా ఎదురుగా ఉన్నది మొదటిది, పాడైపోయినది. ఐదు నిమిషాల్లో వచ్చేస్తానని నన్ను పంపేసి నాన్న అక్కడే నిలబడిపోయారు, నేను పాపకి నీళ్ళు తాగించి తిరిగొచ్చేసరికి కూడా అలాగే ఉన్నారు. పది నెలలు, పది నెలలు అంటున్నారు తనలో తను. ల్యాబ్‌లో ఒక గొట్టం చల్లారే దాకా కాచుకుని కూర్చోవడం తెలిసిన మనిషికి ఆ అంకె మాకు అర్థమైనదానికంటే వేరేగా అర్థమై ఉంటుంది.

పాత గాజు గదుల్లో చూసినవన్నీ గుర్తులేవు. మూడున్నర వేల ఏళ్ళ గాజు ఉంది అక్కడ, ఒక్క పూటలో చూసేది కాదు. ఈజిప్టు రాజు రెండో అమెన్‌హోటెప్‌దని చెప్పే చిన్న గాజు తల మాత్రం బాగా గుర్తుంది, బొటనవేలంత ఉంటుంది. ఒకప్పుడు ముదురు నీలమట, ఇప్పుడు మట్టిరంగుకి తిరిగిపోయింది. గాజు చేయడం తెలిసిన పదిహేను వందల ఏళ్ళకి గానీ దాన్ని ఊదొచ్చన్న ఊహ మనుషులకి రాలేదని అక్కడే తెలిసింది, క్రీస్తుకు ముందు మొదటి శతాబ్దంలో, మధ్యధరా సముద్రపు తూర్పు తీరంలో. అంతకుముందు మట్టి ముద్ద చుట్టూ కరిగిన గాజుని తీగలా చుట్టి, చల్లారాక లోపలి మట్టి గోకి తీసేవారట.

కొత్త గాజు కళకి కట్టిన భాగం ఆ ఏడాది మార్చిలోనే తెరిచారు. గోడలన్నీ తెల్లగా, వంపులు తిరిగి, పైకప్పులోంచి పగటి వెలుతురు దిగుతూ ఉంటుంది. మబ్బులోపల నడుస్తున్నట్టుంది అంది అమ్మ. అక్కడ అమ్మదే రాజ్యం, నాన్న వెనక నడిచారు. క్యారెన్ లామాంట్ చేసిన గాజు గౌను చూసింది, మనిషి లేదు, ఒంటి ఆకారం మాత్రం ఉంది, కుచ్చిళ్ళన్నీ ఉన్నాయి. వాడేసిన తాగే గ్లాసుల్ని వరసలు వరసలుగా అరల్లో పేర్చి చెట్లలా కనపడేట్టు చేసిన క్యాథరిన్ గ్రే పని చూసి, "దీనికి కొలిమి కూడా అక్కర్లేదే, కళ్ళుంటే చాలు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ ఇష్టం.

ఒక మూల తిరగ్గానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేల మీద ఎర్రటి గాజు షాండ్లియర్ ఒకటి పడి ముక్కలైపోయి ఉంది, దాని మీద నల్లటి కాకులు వాలి పొడుచుకు తింటున్నట్టు ఉన్నాయి. హావియర్ పెరెస్ అనే స్పెయిన్ కళాకారుడు చేసినది. కాకులు నిజమైనవే, చచ్చాక లోపల కూరి నిలబెట్టినవి. గాజు ఇటలీలోని మురానోది. అందమైనదాన్ని చేయించి మరీ పగలగొట్టాడంటే అమ్మ నమ్మలేదు. "చేసినవాడి ప్రాణం ఎలా ఒప్పిందే" అంది. వెళ్ళిపోదామంటుందనుకున్నాను, కానీ దాని చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణలాగా తిరిగింది. తెలుగులో గాజంటే చేతికి వేసుకునేదీ అదే, కిటికీకి బిగించేదీ అదే. ఎర్రటి గాజు ముక్కలు నేల మీద చూస్తే అమ్మకి ఏం గుర్తొచ్చి ఉంటుందో నేను అడగలేదు. నాకు మాత్రం ఆ కాకులు ఆరేళ్ళ తర్వాత మళ్ళీ గుర్తొచ్చాయి, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఇన్ని వేల గాజు వస్తువులున్న ఈ మ్యూజియమే 1972 జూన్‌లో వరదలో మునిగింది. ఆగ్నెస్ తుపాను, లోపల ఐదడుగుల పైన నీళ్ళు. 13,000 వస్తువుల్లో దెబ్బతిన్నవి 528. బురద కడిగి, తడిసిన పుస్తకాల్ని పాడవకుండా గడ్డకట్టించి దాచి, ఆగస్టు ఒకటికల్లా మళ్ళీ తెరిచారు. ఇది గోడ మీద చదివి మా ఆయన ఎంతో ఆశ్చర్యపోయాడు. ఆప్టికల్ ఫైబర్ దగ్గర కూడా అతనొక్కడే ఆగాడు, అతని ఉద్యోగం అదే మరి, 1970లో కార్నింగ్ సైంటిస్టులు ముగ్గురు చేసిన ఆ తీగ లేకపోతే ఇంటర్నెట్ ఇలా ఉండేది కాదని పాపకి చెబుతుంటే అది ఆవులించింది.

సాయంత్రం నాలుగింటికి స్లాట్ తీసుకున్నాం. మనం కూడా చేత్తో గాజు పని చేయొచ్చు అక్కడ, పక్కన ఒక మనిషి ఉండి చూసుకుంటారు. నేను ఊదే బుడ్డీ చేయిద్దామనుకున్నాను, నాన్న జాబితా చూసి దీపం మంట దగ్గర పూస చేసేది వేలితో చూపించారు.

బల్ల మీద బిగించిన మంట టార్చ్, దాని ముందు కుర్చీ. నేర్పే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. కళ్ళజోడు ఇచ్చింది, లేత ఊదా రంగు అద్దాలవి. నాన్న పెట్టుకున్నారు, మంటలో గాజు కడ్డీ పెట్టారు, ఒక్కసారి కళ్ళజోడు పైకెత్తి చూశారు, మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ ఎత్తారు. "అమ్మలూ, ఇలా రా. సోడియం పసుపు కనపడటం లేదు!" గాజు వేడెక్కినప్పుడు అందులోని సోడియం వల్ల వచ్చే ఆ పసుపు వెలుగు కళ్ళకి అడ్డుపడి, లోపల ఏం జరుగుతోందో కనపడకుండా చేస్తుంది. ఈ అద్దాలు సరిగ్గా ఆ ఒక్క వెలుగునే ఆపేస్తాయి. ముప్పై మూడేళ్ళు ఆయన ఆ పసుపులోంచే, కళ్ళు చికిలించి, అంచనా మీద వంచారు గొట్టాలన్నీ.

రంగు ఏది కావాలని అడిగింది ఆ అమ్మాయి. ముదురు నీలం కడ్డీ తీసుకుని నాన్న ఒక్క మాట అన్నారు, "కోబాల్ట్." డిగ్రీ పిల్లలు చేసే బోరాక్స్ పూస పరీక్ష గుర్తుందా మీకెవరికైనా? ప్లాటినం తీగ కొసన బోరాక్స్ కరిగించి పూస చేసి, లవణం అద్ది మళ్ళీ కాలిస్తే, నీలం వస్తే కోబాల్ట్. ఏటా ఎంతమందికి దగ్గరుండి చూపించారో ఆయన.

ఎడమచేతిలో సన్నటి స్టీలు పుల్ల, కుడిచేతిలో నీలం కడ్డీ. కడ్డీ కొస కరిగి ముద్దవుతుంటే పుల్లకి తాకించి చుట్టుకోవాలి. ఆ అమ్మాయి "ఆపకుండా తిప్పుతూ..." అని చెప్పబోయి ఆగిపోయింది. ఎందుకంటే నాన్న వేళ్ళు అప్పటికే తిరుగుతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పుల్ల ఒకే వేగంతో, అటూ ఇటూ ఊగకుండా తిరుగుతోంది. అరవై ఏడేళ్ళ చేతులు, కాఫీ గ్లాసు పట్టుకుంటే కొంచెం వణికేవి అప్పటికే. మంట దగ్గర వణుకు లేదు. ఆమె తన చేతుల్ని వెనక్కి తీసేసుకుంది, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. కాసేపటికి అడిగింది, మీరు ఇంతకుముందు ఈ పని చేశారా అని.

నాన్న మంట మీంచి కళ్ళు తిప్పకుండా ఇంగ్లీషులో చెప్పారు. ముప్పై మూడేళ్ళు. కాలేజీ ల్యాబొరేటరీ. గాజు గొట్టాలు.

ఆ అమ్మాయి అవతల బల్ల దగ్గరున్న ఇంకొకతన్ని పిలిచి చూపించింది. అతను వచ్చి నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను, పాప నా చెయ్యి పట్టుకుని ఉంది, చిన్నప్పుడు ఫారం మీద నేను రాసిన "కాలేజీలో పని" గుర్తొచ్చి గొంతు పట్టేసింది. అప్పుడే ఏదైనా చెప్పి ఉండాల్సింది ఆయనకి. చెప్పలేదు. కళ్ళజోడు అద్దాల రంగులో నా ముఖం సరిగ్గా కనపడి ఉండదులే అనుకున్నాను.

పూస ఆ రోజు చేతికివ్వరు, రాత్రంతా అనీలర్‌లో మెల్లగా చల్లారాలి. పక్కరోజు వచ్చి తీసుకోవచ్చు, లేదా పోస్టులో పంపుతారు. అడ్రస్ రాసిచ్చి బయటపడ్డాం. "ఒక్క రాత్రి చాలా దానికి?" అని నాన్న రెండుసార్లు అడిగారు. చిన్న పూసకి చాలట.

తిరుగు ప్రయాణంలో పాపా అమ్మా నిద్రపోయారు. నాన్న ముందు సీట్లో కూర్చుని మా ఆయనకి ఏదో చెబుతూనే ఉన్నారు, గొట్టం వంచేటప్పుడు వంపు లోపలివైపు ముడతలు ఎందుకు పడతాయో, పైరెక్స్ గొట్టం మామూలు బర్నర్ మంటకి ఎందుకు లొంగదో. నేను కళ్ళు మూసుకుని విన్నాను. పెళ్ళయిన పదేళ్ళలో ఆ మామాఅల్లుళ్ళు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

పార్సిల్ పది రోజులకి వచ్చింది. నాన్న పూసని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. "బాగా ఆరింది. ఇదిగో, ఈ పక్క కొంచెం వంకర" అని అమ్మ చేతిలో పెట్టారు.

అమ్మ దాన్ని తన కళ్ళజోడు తాడుకి ఎక్కించుకుంది. నాన్న పోయాక తాడు రెండుసార్లు మార్చింది, పూస అదే. వీడియో కాల్ చేసినప్పుడల్లా అమ్మ ఫోన్ మరీ దగ్గరగా పట్టుకుంటుంది, ముఖం సగమే కనపడుతుంది, కింద మూలన ఆ నీలం పూస మాత్రం ఊగుతూ ఉంటుంది.